వానలు వెలిశాక పెరడు

భాద్రపదం వెళ్లి ఆశ్వయుజం వచ్చేసరికి ఆకాశం తేటపడుతుంది. ఎండలో కొంచెం పసుపు రంగు కనిపిస్తుంది. అప్పుడు ఒకసారి మీ ఇంటి వెనక్కి వెళ్లి చూడండి. నాలుగు నెలల వానలో అటు ఎవరూ పెద్దగా వెళ్లి ఉండరు. గడ్డి మోకాలి దాకా పెరిగి ఉంటుంది. నూతి గట్టు మీద పాకుడు పట్టి ఉంటుంది. గుమ్మడి తీగ గోడెక్కి పక్కింటి వాళ్లకు కాయలిస్తూ ఉంటుంది. రాలిన కొబ్బరి మట్టలు, విరిగిన పెంకులు, వంటకట్టెలు ఎక్కడివక్కడే తడిసి పడి ఉంటాయి. దసరాకో దీపావళికో ఇల్లు శుభ్రం చేసుకొనేటప్పుడు ఈ పెరటి పని కూడా మొదలుపెడతారు.

ఈ పని అందరికీ ఒకే నెలలో రాదు. తమిళనాడులో ఉన్న మీలో చాలామందికి అక్టోబరు నుంచి డిసెంబరు వరకు వానలే కనుక పెరడు బాగుచేయడం భోగి పండుగ ముందుకు పోతుంది. నేను పుట్టి పెరిగింది ఒడిశాలోని గంజాం జిల్లాలో, బరంపురానికి దగ్గరి ఊళ్లో. 1936 ఏప్రిల్ 1న ఒరిస్సా రాష్ట్రం ఏర్పడేదాకా గంజాం మద్రాసు రాజధానిలో భాగం. అందువల్ల ఇక్కడ తెలుగు వీధి, ఒడియా వీధి పక్కపక్కనే ఉంటాయి. మాకు శరదృతువు అంటే ఆశ్వయుజ, కార్తిక మాసాలే. పెరటి పని కూడా అప్పుడే.

మా చిన్నతనంలో ఆ పనికి ఒక ముసలాయన వచ్చేవాడు. మేమంతా ఆయన్ను తాతా అనే పిలిచేవాళ్లం. ఆయన కొడవలి, పార, పలుగు తెచ్చుకొనేవాడు. వాటితోపాటు మనిషెత్తు వెదురు కర్ర ఒకటి ఉండేది. ఏ చోట పని మొదలుపెట్టినా ముందు ఆ కర్రతో నేలను నాలుగుసార్లు తట్టి, గడ్డిని కదిపి, కాసేపు ఆగేవాడు. నేను ఆత్రపడి ఒకసారి కొబ్బరి మట్టను చేత్తో లాగబోతే చెయ్యి పట్టుకొని ఆపాడు.

“ఒరే బాబూ, ముందు కర్ర మాట్లాడాలి. చెయ్యి తరవాత” అన్నాడు.

పాముకు మనవలె బయటికి కనిపించే చెవులు లేవు కాని, నేలలో పుట్టే అదురును అది బాగా పసిగడుతుంది. అదురు తెలిసిన పాముల్లో చాలావరకు తప్పుకొని పోతాయి. తాత ఆగిన ఆ కాసేపు వాటికి ఇచ్చిన వ్యవధి అన్నమాట.

అసలు ఇన్ని ప్రాణులు మన పెరట్లోకి ఎందుకు వస్తాయి? వానాకాలంలో పొలాల్లోని కలుగులు నీటితో నిండుతాయి. ఎలుకలు, కప్పలు మెరకగా ఉన్న చోటు వెతుక్కుంటాయి. ఇంటి నేల ఎప్పుడూ కాస్త ఎత్తుగా ఉంటుంది. అక్కడ ధాన్యం గింజలుంటాయి, కోడిపిల్లలుంటాయి, రాత్రిపూట దీపం చుట్టూ పురుగులుంటాయి. పురుగుల కోసం కప్ప, ఎలుక కోసం పాము, పాము కోసం ముంగిస వస్తాయి. నాలుగు నెలల్లో మనకు తెలియకుండానే అక్కడ ఒక చిన్న ఊరు వెలుస్తుంది. పెరడు బాగుచేయడమంటే ఆ ఊరిని ఖాళీ చేయించడమే. అందుకే మనకు ఎదురుపడే ప్రాణులు ఎక్కువగా ఈ పని చేసేటప్పుడే ఎదురుపడతాయి.

ఎండుటాకుల దగ్గర మొదలుపెడదాం. తడి ఆకుల కింద రోకలిబండలు చుట్ట చుట్టుకొని ఉంటాయి. అవి కుళ్లిన ఆకులు తిని మట్టిగా మారుస్తాయి. వాటికీ జెర్రికీ తేడా తెలియాలి. రోకలిబండ మెల్లగా పోతుంది, కరవదు. జెర్రి చప్పున పరుగెత్తుతుంది, దాని కాటు మంట పెడుతుంది. గరుకు చర్మంతో ముద్దలా కూర్చునే గోదురుకప్ప కూడా అక్కడే ఉంటుంది. దాన్ని ముట్టుకొన్న చేత్తో కళ్లు నులుముకోకూడదు, దాని చర్మం నుంచి వచ్చే ద్రవం మండుతుంది. నున్నగా మెరుస్తూ జారిపోయే నలికిరిని చూసి పాముపిల్ల అని కొట్టేవారున్నారు. దానికి చిన్న కాళ్లుంటాయి, విషం లేదు.

ఆకుల కుప్పకు నిప్పు పెట్టడం చాలా ఇళ్లలో అలవాటు. పని తొందరగా అవుతుంది, నిజమే. కాని ఆ కుప్పలో ఉన్నవన్నీ మాడిపోతాయి, చలికాలం పొద్దున పొగ నేలమీదే పరుచుకొంటుంది. పెరడు మూల రెండడుగుల లోతు గొయ్యి తీసి ఆకులు, పేడ పొరలు పొరలుగా వేసి మట్టి కప్పితే వేసవి నాటికి మంచి ఎరువు అవుతుంది. గొయ్యి మాత్రం ఇంటి గోడకు దూరంగా ఉండాలి. గోడను ఆనుకొని ఉన్న కుప్ప ఎలుకలకు ఇల్లు అవుతుంది. ఎలుకల వెనకాల వచ్చేదేమిటో ఇందాక చెప్పాను.

పెంకులు, రాళ్లు ఎత్తేటప్పుడు తేళ్లుంటాయి. పెద్ద నల్లతేలును చూసి భయపడతాం కాని, చిన్న ఎర్రతేలే ఎక్కువ ప్రమాదకరం. చిన్నపిల్లలకు దాని విషం గుండె మీద పనిచేస్తుంది. మహారాష్ట్రలో కొంకణం ప్రాంతపు మహాడ్ పట్టణంలో పనిచేసిన డాక్టర్ హిమ్మత్‌రావ్ బావస్కర్ ఈ ఎర్రతేలు కాటు మీద ఎన్నో ఏళ్లు శ్రద్ధ పెట్టారు. రక్తపోటుకు వాడే ప్రాజోసిన్ అనే మందు దీనికి పనిచేస్తుందని 1980లలో ఆయన చూపించారు. అంతకుముందు తేలుకాటుతో ఆయన దగ్గరకు వచ్చిన పిల్లల్లో ఎంతోమంది బతికేవారు కాదు. ఆ మందు తరవాత మరణాలు చాలా అరుదయ్యాయి. ఆయనకు 2022లో పద్మశ్రీ వచ్చింది. రాయిని ఎత్తేటప్పుడు వేళ్లు దాని కిందికి పెట్టక, పలుగుతో అవతలి వైపు నుంచి మన వైపుకు లేపాలి. అప్పుడు కింద ఉన్నది మనకు ఎదురుగా కాక అవతలికి పోతుంది. ఇదీ తాత చెప్పినదే.

గోడ పునాది పక్కన పిడికిలి పట్టేంత కన్నం, దాని ముందు తవ్విపోసిన మట్టి కనిపిస్తే అది పందికొక్కు పని. పంది వలె నేల తవ్వే కొక్కు కనుక మనవాళ్లు ఆ పేరు పెట్టారు. ఇంగ్లీషువాళ్లు దీన్ని బాండికూట్ అన్నారు. ఆ మాట మన పందికొక్కే. తరవాత ఆస్ట్రేలియాలో ముక్కు పొడుగున్న వేరే జంతువును చూసి దానికి కూడా ఆ పేరే పెట్టారు. ఆ జంతువుకు పందికొక్కుతో చుట్టరికం లేకపోయినా మన తెలుగు మాట మాత్రం అంత దూరం వెళ్లి అక్కడ స్థిరపడింది.

పందికొక్కు ఖాళీ చేసిన కన్నంలో నాగుపాము చేరవచ్చు. పాము తన ఇల్లు తాను కట్టుకోలేదు. పుట్టను కట్టేవి చెదపురుగులు. లోపల చల్లగా, చెమ్మగా ఉంటుందని పాము అందులో దూరుతుంది. కార్తిక శుద్ధ చవితి నాడు మనం నాగుల చవితి అని పుట్ట దగ్గరకు వెళతాం. గంజాంలో ఒడియావారు కూడా ఆ రోజే నాగల చౌతి జరుపుకొంటారు. పాము పాలు తాగి బతికే జీవి కాదు. ఎలుక, కప్ప దాని ఆహారం. పూజకు వెళ్లినా పుట్ట కన్నంలో చెయ్యి పెట్టకండి.

పెరట్లో అందరికంటె ఎక్కువగా కనిపించే పాము జెర్రిపోతు. అందరికంటె ఎక్కువగా చచ్చేది కూడా అదే. ఆరడుగులు దాటి పెరుగుతుంది, వేగంగా పోతుంది, నాగుపాము అనుకొని జనం కర్రలతో వస్తారు. దానికి విషం లేదు. ఎలుకలను తిని రైతుకు గింజ దక్కిస్తుంది. రెండు జెర్రిపోతులు పెనవేసుకొని లేస్తూ పడుతూ ఉంటే సయ్యాట అంటారు. అది ఆడ మగ పాముల ఆట అనుకొంటారు. నిజానికి అవి రెండూ మగవే. బలం తేల్చుకొనే కుస్తీ అది. నాగుపాముకు జెర్రిపోతు జత అనే మాట కూడా నిజం కాదు.

ఇక మనం తప్పక గుర్తుపట్టవలసినవి మూడు: నాగుపాము, రక్తపింజర, కట్లపాము. వీటితోపాటు ఇసుక నేలల్లో, రాళ్లున్న మెట్టల్లో ఒంటి పొలుసులు రాపాడించి చప్పుడు చేసే చిన్న పింజర ఒకటుంది. నాగుపాము పడగ విప్పుతుంది కనుక చాలామందికి తెలుసు. రక్తపింజర లావుగా, గోధుమ రంగులో ఉంటుంది. వీపు మీద మూడు వరసల్లో గొలుసు వలె నల్లని అంచుగల మచ్చలుంటాయి. కదలక పడి ఉంటుంది, దగ్గరికి వెళితే ప్రెషర్ కుక్కర్ ఆవిరి వదిలినట్టు పెద్దగా బుస కొడుతుంది. ఎండుటాకుల్లో పడుకొంటే కనిపించదు.

ఈ పాముకు ప్రపంచమంతటా రస్సెల్ పేరుంది. పాట్రిక్ రస్సెల్ స్కాట్లండు వైద్యుడు. 1781లో మన దేశానికి వచ్చి విశాఖపట్నంలో ఉన్నాడు. కోరమాండల్ తీరంలో పాములు పట్టించి, బొమ్మలు వేయించి, 1796లో వాటిమీద పెద్ద గ్రంథం ప్రచురించాడు. పాములు తెచ్చినవారు చెప్పిన తెలుగు పేర్లను ఆయన ఆ గ్రంథంలో అట్లాగే రాసుకొన్నాడు. రక్తపింజరకు ఆయన విన్న పేరు కాటుక రేకుల పొడ. ఆ మచ్చల నల్లని అంచును చూసి ఎవరో తెలుగువాడు కాటుక అన్నాడు. పేరులోనే పాము ఆనవాలు చెప్పాడు. అట్లాగే నలుపు, పసుపు పట్టీలున్న మరో పాముకు బంగారు పాము అని విని రాశాడు. 1803లో ఫ్రెంచి శాస్త్రవేత్త ఒకరు ఆ మాట నుంచే కట్లపాముల జాతికంతటికీ బంగారస్ అనే శాస్త్రీయనామం పెట్టారు. మన పెరటి మాట ఇట్లా ప్రపంచంలోని జంతుశాస్త్ర గ్రంథాలన్నిటిలోకీ ఎక్కింది.

పేరు గురించి ఇంత చెప్పడానికి కారణం ఉంది. నాకు పదకొండేళ్లప్పుడు జరిగిన సంగతి అది.

మా పక్కింట్లో వంటింటి గోడకు ఆనించి కట్టెలు పేర్చేవారు. ఆశ్వయుజంలో ఆ కట్టెలు దించి, ఎండబెట్టి, మళ్లీ పేర్చారు. ఆ రాత్రి ఆ ఇంటి అబ్బాయి, నాకంటె రెండేళ్లు చిన్నవాడు, చాప వేసుకొని వంటింటి పక్క గదిలో నేల మీద పడుకొన్నాడు. తెల్లవారుజామున కడుపు నొప్పి అని లేచాడు. ఒంటి మీద దెబ్బ లేదు, వాపు లేదు. ఇంట్లోవాళ్లు అజీర్తి అనుకొని వాము నీళ్లు పట్టించారు. కాసేపటికి కనురెప్పలు వాలిపోవడం మొదలైంది. “నిద్ర ఇంకా తీరలేదురా వీడికి” అన్నారు ఎవరో. వాళ్ల నాయనమ్మ చాప చుట్టబోయి వెనక్కి అడుగు వేసింది. చాప కింద నీలిరంగు మెరుపుతో నల్లగా, సన్నని తెల్లని గీతలతో ఒక పాము ఉంది.

“కట్లపాము!” అని ఆమె వేసిన కేక మా ఇంటికి వినిపించింది.

జీపులో ఆసుపత్రికి తీసుకుపోయారు. మా నాన్న కూడా వెళ్లాడు. అక్కడ ఆ వేళ ఉన్న డాక్టరుకు తెలుగు రాదు. నాయనమ్మకు ఒడియా అంతంత మాత్రం. ఆమె కట్లపాము, కట్లపాము అని ఏడుస్తూ ఉంటే ఆయన అబ్బాయి కాళ్లు చేతులు వెతికి, కాటు ఎక్కడా లేదు కదా అన్నాడట. అప్పుడు బయట నిలబడిన రిక్షా అతను లోపలికి తొంగిచూసి “చితి, బాబూ, చితి కరిచింది” అని ఒడియాలో చెప్పాడు. డాక్టరు ముఖం మారిపోయిందని నాన్న ఎప్పుడూ చెప్పేవాడు. ఆ తరవాత ఒక్క నిమిషం కూడా ఆలస్యం చేయలేదు. మందు ఎక్కించారు. ఊపిరి ఆడకపోతే రబ్బరు సంచితో గాలి కొడుతూ వంతులవారీగా రాత్రంతా కూర్చొన్నారు. పది రోజులకు అబ్బాయి ఇంటికి వచ్చాడు.

దానికి ముందు ఏడాది మా వీధి చివర ఇంట్లో ఒక అమ్మాయి ఇట్లాగే పొద్దున్నే కడుపునొప్పి అంటూ లేచి, మధ్యాహ్నానికి చనిపోయింది. కారణం ఎవరికీ తెలియలేదు. ఆమె కూడా నేల మీదే పడుకొన్నదని మాత్రం నాకు గుర్తుంది.

కట్లపాము రాత్రిపూట తిరుగుతుంది. దాని కోరలు చిన్నవి. నిద్రలో ఉన్నవారికి కాటు తెలియకపోవచ్చు, వాపు కూడా ఉండదు. విషం నరాలకు, కండరాలకు మధ్య వార్తలు నడవకుండా చేస్తుంది. మొదట కనురెప్పలు వాలుతాయి, మాట ముద్ద అవుతుంది, మింగడం కష్టమవుతుంది, చివరికి ఊపిరి తీసే కండరాలు ఆగిపోతాయి. నేల మీద పడుకొన్నవారు తెల్లవారి కడుపునొప్పితో లేచి, రెప్పలు ఎత్తలేకపోతే పాము కనిపించకపోయినా ఆసుపత్రికి పరుగెత్తాలి.

మన దేశంలో 2000 నుంచి 2019 వరకు పాముకాటు వల్ల సుమారు 12 లక్షల మంది చనిపోయారని 2020లో వెలువడిన ఒక అధ్యయనం అంచనా వేసింది. ఏడాదికి సగటున 58 వేల మంది. అందులో సగం మరణాలు జూన్, సెప్టెంబరు మధ్య జరిగాయి. ఎక్కువగా మరణాలు జరిగిన రాష్ట్రాల్లో ఒడిశా ఉంది, తెలంగాణతో కలిపి లెక్కించిన ఆంధ్రప్రదేశ్ కూడా ఉంది. ఈ మరణాలను 2030 నాటికి సగానికి తగ్గించాలని కేంద్ర ప్రభుత్వం 2024లో ఒక కార్యాచరణ ప్రణాళిక ప్రకటించింది.

పాముకాటుకు మందు ఒక్కటే, విషాన్ని విరిచే సూదిమందు. మద్రాసు దగ్గర ఇరుళ తెగవారు 1978లో పెట్టుకొన్న సహకార సంఘం పాములను చంపకుండా పట్టి, విషం తీసి, మళ్లీ వదిలిపెడుతుంది. ఆ విషాన్ని కొద్దికొద్ది మోతాదుల్లో గుర్రాలకు ఎక్కిస్తారు. గుర్రం రక్తంలో పుట్టిన విరుగుడును శుద్ధిచేస్తే మందు అవుతుంది. నాగుపాము, కట్లపాము, రక్తపింజర, చిన్న పింజర నాలుగింటికీ అదే మందు. అందువల్ల పామును చంపి సంచిలో వేసుకొని వెళ్లనక్కరలేదు. దాని వెంట పడితే రెండో మనిషి కూడా కాటు తింటాడు. కాటు పడ్డ చోట కోయకూడదు, నోటితో పీల్చకూడదు, తాడుతో బిగించి కట్టకూడదు. ఉంగరాలు, గాజులు, కాళ్ల పట్టీలు తీసేసి, కాలో చెయ్యో కదలకుండా కర్రబద్దతో వదులుగా కట్టి, రోగిని నడిపించకుండా తీసుకుపోవాలి. 108కు ఫోను చేయండి. మంత్రం వేయించేవారి ఇంటి మీదుగా వెళితే ఆ అరగంట తిరిగి రాదు.

ఆసుపత్రిలో డాక్టరు లక్షణాలు చూసి వైద్యం చేస్తాడు. అయినా పేరు చెప్పగలిగితే ఏ లక్షణాల కోసం చూడాలో ఆయనకు ముందే తెలుస్తుంది. పేరు ఆయనకు అర్థమయ్యే భాషలో ఉండాలి. మీరు ఏ రాష్ట్రంలో ఉంటే ఆ మాట కూడా నేర్చుకోండి. మన రక్తపింజరను తమిళంలో కణ్ణాడి విరియన్, కన్నడంలో కొళకు మండల, మరాఠీలో ఘోణస్, ఒడియాలో చందన బొడా అంటారు. కట్లపాము తమిళంలో కట్టు విరియన్, మరాఠీలో మణ్యార్, ఒడియాలో చితి. యానాంలో ఉన్నవారికి ఈ ఇబ్బంది లేదు.

అన్ని ప్రాణులూ ఇంత భయపెట్టేవి కావు. కట్టెల వెనక నుంచి ముంగిస తల్లి పిల్లలను వరసగా నడిపించుకొంటూ పోతుంది. ఆ వరస దూరం నుంచి ఒకే పొడుగాటి జంతువులా కనిపిస్తుంది. ఉడుము చెత్తకుప్ప దగ్గర నాలుక చాపుతూ తిరుగుతుంది. రాత్రి అటక మీద ఎవరో నడిచినట్టు చప్పుడైతే దొంగ కాకపోవచ్చు, మానుపిల్లి కావచ్చు. అది పండ్లు తిని, గింజలను దూరంగా వదిలి, చెట్లు మొలిపిస్తుంది. మా పెరట్లో ఎవరూ నాటని ఈతచెట్టు ఒకటి అట్లా వచ్చిందేనని నా నమ్మకం. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం ఈ జంతువులకూ వర్తిస్తుంది. ఇంట్లోకి పాము వస్తే అటవీశాఖవారికి గాని, పాములు పట్టడంలో శిక్షణ పొందినవారికి గాని కబురు పెట్టాలి. వారు వచ్చేదాకా దూరంగా నిలబడి అది ఎటు పోతోందో చూస్తూ ఉండాలి.

ఆకాశం నుంచి కూడా అతిథులు వస్తారు. హిమాలయాల వైపు నుంచి కాటుకపిట్టలు ఈ రుతువులోనే దిగుతాయి. తోక పైకీ కిందికీ ఆడిస్తూ కొత్తగా ఊడ్చిన వాకిట్లో పరుగెడతాయి. వాటి కోసం నేను ఏటా చూస్తాను. కాని నేను ఎదురుచూడకుండా వచ్చిన పిట్ట ఒకటుంది.

శరదృతువు మాకు తుపానుల కాలం కూడా. 2013 అక్టోబరు 12 రాత్రి ఫైలిన్ తుపాను గోపాల్‌పూర్ దగ్గర తీరం దాటింది. గాలి గంటకు సుమారు 200 కిలోమీటర్ల వేగంతో వీచింది. లక్షల మందిని ముందే సురక్షిత ప్రాంతాలకు తరలించడం వల్ల ప్రాణనష్టం తక్కువైంది. చెట్లు మాత్రం మిగలలేదు. మా పెరట్లో రెండు మామిళ్లు, ఒక పనస పడిపోయాయి. మూడో రోజున కర్ర పట్టుకొని, నేలను తడుతూ, కొమ్మలు తొలగించడం మొదలుపెట్టాను. పనస కొమ్మల కింద, తడి ఆకుల్లో ఒక పిట్ట నిలబడి ఉంది. మైనా అంత ఉంటుంది. తోక ఉందో లేదో అన్నంత పొట్టి. వీపు ఆకుపచ్చ, రెక్క మీద మెరిసే నీలం, కళ్ల మీదుగా నల్లని పట్టె, పొట్ట కింద కుంకుమ అద్దినట్టు ఎరుపు. నన్ను చూసి ఎగరలేదు. ఎగరడానికి ఓపిక లేదు.

నేను ఎం.ఏ. తెలుగు చదివాను, పక్షుల మీద పద్యాలు చెప్పాను. ఆ పిట్ట పేరు నాకు తెలియదు. మా అమ్మ అరుగు మీద నుంచి చూసి “పొన్నంకి పిట్టరా అది. నేల మీద ఆకులు తిప్పుకొని పురుగులు తింటుంది. ముట్టుకోకు” అంది.

తరవాత చదివి తెలుసుకొన్నాను. ఈ పక్షి వేసవిలో, వానాకాలంలో ఉత్తరాదిన, మధ్య భారతంలో గూడు పెట్టి, శరత్తులో దక్షిణాదికీ శ్రీలంకకూ వలస పోతుంది. రాత్రిపూట ప్రయాణం చేస్తుంది. అలసిపోతే ఎక్కడంటే అక్కడ, ఇళ్లలో కూడా దిగిపోతుంది. ఉదయం సాయంత్రం వేళకు ఈల వేస్తుందని తమిళులు దీన్ని ఆరుమణి కురువి అంటారు. ప్రపంచంలో ఈ పక్షుల జాతికి 1816లో ఒక ఫ్రెంచి శాస్త్రవేత్త పెట్టిన శాస్త్రీయనామం పిట్ట. అవును, మన పిట్టే.

పిల్లి అటువైపు రాకుండా కొమ్మల మీద ఒక వెదురు గంప బోర్లించి, ఒక వైపు జానెడు ఎత్తు రాయి పెట్టాను. పొద్దంతా అది ఆ నీడలో ఆకులు తిప్పుతూ ఉంది. చీకటి పడుతుండగా రెండు స్వరాల ఈల ఒకసారి వినిపించింది. మరునాడు చూస్తే గంప కింద ఆకులు మాత్రమే ఉన్నాయి. ఆ గంప ఇప్పటికీ మా ఇంట్లో ఉంది. అందులో చింతపండు ఎండబెట్టినా, వడియాలు పెట్టినా “పొన్నంకి గంప తీసుకురా” అనే అంటారు.